కొలతకు పుట్టిన వీణ

పుట్టుకతో నేను పనస చెట్టును. వీణనైంది విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో. ఇప్పుడు ఉంటున్నది హైదరాబాదు దగ్గరి మహేశ్వరంలో, శివగంగ రాజరాజేశ్వరుడి గుడికి నాలుగు వీధుల అవతల.

గొల్లపల్లిలో వీణ చెయ్యడం సర్వసిద్ధి ఇంటిపేరు వాళ్ల పని. బొబ్బిలి రాజుల ఆదరణలో మొదలై తండ్రి నుంచి కొడుక్కి వస్తోంది. 2011-12లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అరల నిండా జానెడు వీణలుంటాయి. సన్మానాల్లో జ్ఞాపికలుగా ఇచ్చేవి అవే, ఆ ఇళ్లలో పొయ్యి వెలిగించేవీ చాలావరకు అవే. నాలాంటి పూర్తి వీణ ఎవరో ఒకరు అడిగితేనే పుడుతుంది.

నన్ను అడగడానికి ఒక తాత, మనవరాలు వచ్చారు. పిల్లకు పదమూడేళ్లు. అప్పటిదాకా పంతులమ్మ వీణ మీద నేర్చుకుంది. ఆ వీణ ఆమె ఒడిలో ఏనాడూ కుదురుగా నిలవలేదట.

“జర తేలికగ చేయిండ్రి, పిల్ల మోయాలె” అన్నాడు తాత.

“తేలికంటే కుండ చెక్కు పల్చన చెయ్యాల, బాబూ. పల్చనైతే మీటగానే గట్టిగా పలుకుతాది. కానీ నాదం నిలబడదు” అన్నాడు పనివాడు.

అక్కడ మొదలైంది బేరం, డబ్బు గురించి కాదు, నా గురించి. ఒక్కటే మాను తొలిచి కుండ, దండి, తల చేస్తే ఏకాండి. విడివిడిగా చేసి అతికితే అతుకుల వీణ. అతుకులది చౌక, చెక్క దొరకడమూ సులువు. కానీ మీటిన తీగ అదురు కుండ నుంచి దండి చివరిదాకా అడ్డు లేకుండా పారాలంటే ఏకాండే కావాలి. నేను ఏకాండిని కాబట్టి అలా అంటున్నాననుకోకండి. అతుకు దగ్గర అదురు కొంచెమైనా సన్నగిల్లడం పక్క అరలోని వీణల్లో విన్నాను. తాత ఏకాండికే ఒప్పుకున్నాడు, బరువు సంగతి మళ్లీ ఎత్తలేదు.

తర్వాత శ్రుతి. పిల్ల పాడేది ఐదు శ్రుతి, వీణా ఐదుకే కావాలంది. పనివాడు తల అడ్డంగా ఊపాడు. ఇంత పొడవు దండి మీద ఐదుకు బిగిస్తే తీగ తెగుతుంది, గమకానికి లాగితే వేలు కోసుకుంటుంది. మూడు దగ్గర ఆగారు. వీణ మెట్టు మీద తీగను పక్కకు లాగి రెండు మూడు స్వరాలు పైకి వెళ్తారు. ఆ లాగుడుకు చోటుండాలి. తీగ మెట్టుకు మరీ దగ్గరుంటే గరగరమంటుంది, మరీ ఎత్తుంటే చిన్న వేళ్లు అలసిపోతాయి. పనివాడు పిల్ల ఎడమచెయ్యి పట్టుకుని చూపుడువేలు, నడిమివేలు చివరలు నొక్కి చూశాడు. కాయలు కాయడం అప్పుడప్పుడే మొదలైంది. ఏమీ అనకుండా, తీగలు ఆనే గుర్రం ఎత్తు ఒక పిసరు తగ్గించాడు.

ఆమెను నేల మీద కూర్చోబెట్టి, ఎడమ తొడ ఎత్తును తాడుతో కొలిచాడు. నా తల వైపు కిందున్న బుర్ర ఆ తొడ మీద ఆనాలి కదా. బుర్ర పెద్దదైతే దండి లేచిపోతుంది, మోచెయ్యి నొప్పెడుతుంది. చిన్నది పెట్టాడు, మరతో ఊడదీసుకునేలా. రైల్లో తేవడానికీ అదే వీలు.

తీగలు బిగించే బిరడాల దగ్గర తాత ఒక కొత్తమాట అన్నాడు. ఇంట్లో మనవడి గిటారుంది, దానికి ఇనుప మరలు తిప్పితే శ్రుతి కదలదు, దీనికీ అవే పెట్టరాదా అని. పెడతారు, ఈమధ్య చాలామంది పెట్టించుకుంటున్నారు. పనివాడు పిల్ల వైపు చూశాడు. ఆమె తాత వైపు చూసింది. తాతే “చెక్కవే ఉంచుండ్రి” అన్నాడు. అలా నాలో చాలా సంగతులు ఆమె నోరు తెరవకుండానే తేలిపోయాయి. ఒకప్పుడు అంచులకు జింక కొమ్ము, ఏనుగు దంతం పొదిగేవారు. నాకు ప్లాస్టిక్ నగిషీ కూడా వద్దన్నాడు తాతే. యాళి ముఖం మాత్రం ఉంది.

గిటారుతో ఐదేళ్లు ఒకే గదిలో ఉన్నాను. దాని మెట్లు చెక్కలోకి దిగగొట్టి ఉంటాయి. చేసినవాడు ఏ చోట నిర్ణయించాడో ఆ చోటే. నా ఇరవై నాలుగు మెట్లు మసి కలిపిన తేనెమైనం మీద కూర్చుంటాయి. మైనం కరిగితే కదులుతాయి. అది నా బలహీనత. మహేశ్వరం ఎండల్లో ఒక మే నెల, ఇంటివాళ్లు పెళ్లికి పోతూ నన్ను రేకుల గదిలో ఉంచారు. మూడోరోజుకు మైనం మెత్తబడింది. పై స్థాయి మెట్లు నాలుగు ఒరిగాయి. అమ్మాయి వచ్చి మొదటి తీగ సారణి మీటితే నాకే సిగ్గేసింది.

మెట్లన్నీ తీసి మళ్లీ మేళం కట్టాలి. హైదరాబాదు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. పాత మైనం గీకి, కొత్తది కాచి దండి మీద పోశాడు. ఒక్కో మెట్టూ మైనం మీద ఆనించి, సారణి మీటి, జరిపి, మళ్లీ మీటాడు. ఆయన చెవి పంచమం దాకా చకచకా సాగింది. ఆమె అప్పటికి డిగ్రీలో చేరింది. తాత లేడు. గాంధారం మెట్టు దగ్గర ఆయన ఆగి తలెత్తాడు.

“ఇక్కడనా అమ్మా, ఇంకొంచెం లోపటికా?”

ఆమె కళ్లు మూసుకుంది. ఆయన మళ్లీ మీటాడు. నేను ఊపిరి బిగబట్టాను.

“ఇంకొంచెం లోపటికి” అంది.