ప్రత్యుత్తర శాస్త్రం: రేగుంట శాఖ

బల్లి మీద పడితే ఏమవుతుందో చెప్పడానికి మనకు శాస్త్రం ఉంది. కన్ను అదిరితే ఉంది, ఏనుగుకు జబ్బు చేస్తే ఉంది, గోడకు కన్నం వేయడానికి కూడా ఒకప్పుడు ఉండేదట. పొద్దున లేచింది మొదలు మనిషి నెత్తిన పడే "ఏడికి?", "తిన్నవా?", "ఏం జేస్తున్నవ్?" అనే ప్రశ్నలకు జవాబెలా చెప్పాలో, చెప్పిన జవాబులో నిజం పాలెంతో తేల్చే గ్రంథం మాత్రం ఎవరూ రాయలేదు. బల్లి ఏడాదికోసారి పడుతుంది, చుట్టం రోజూ పడతాడు. ఈ లోటు పూడ్చడానికే ఈ ప్రయత్నం.

శాస్త్రమన్నాక అనుబంధ చతుష్టయం చెప్పుకోవాలి. విషయం: నిత్యం ఎదురయ్యే ప్రశ్నకు నిజమైన జవాబు ఎప్పుడు వస్తుంది అన్నది. ప్రయోజనం: ఏమీ లేదు. సంబంధం: అడిగేవాడికీ చెప్పేవాడికీ మధ్య ఉండేది, ఎక్కువగా మేనమామ వరస. అధికారి, అంటే ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు: జీపు దిగనివాడు తప్ప ఎవరైనా. ఆ మినహాయింపు ఎందుకో సిద్ధాంత భాగంలో తేలుతుంది.

క్షేత్రం గడ్చిరోలి జిల్లా, సిరోంచా తాలూకా, రేగుంట. తాలూకాకు పడమట ప్రాణహిత, అవతల తెలంగాణ. తూర్పున అడవి, దాని వెనక ఛత్తీస్‌గఢ్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి పక్క ఊళ్ళలో మాడియా, టీవీలో హిందీ. ఒకే ప్రశ్నను నాలుగు భాషల్లో తప్పించుకోగల జనం పరిశోధకుడికి అంత తేలిగ్గా దొరకరు.

ముందుగా పూర్వపక్షం. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో చాలాకాలం ఉండి వచ్చి, 1923లో ఆగ్డెన్, రిచర్డ్స్‌ల పుస్తకానికి అనుబంధంగా రాసిన వ్యాసంలో ఒక మాట తేల్చాడు. మనుషులు ఎదురుపడినప్పుడు అడుక్కునే కుశల ప్రశ్నలు సమాచారం కోసం కావట, ఒకరినొకరు కలుపుకోవడానికట. పడమటి దేశాల పండితులు నూరేళ్ళుగా దీన్ని ఒప్పుకుంటూ వస్తున్నారు. రేగుంట పెద్దవ్వ ఒక్కతె చాలు దీన్ని ఖండించడానికి.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న పెద్దవ్వా."

ఇంతవరకు మాలినోవ్‌స్కీ గెలిచినట్టే కనిపిస్తాడు. తిన్నా తినకపోయినా "తిన్న" అనడం మర్యాద. తినలేదంటే ఎదుటి ఇంట్లో పొయ్యి రాజేయించినట్టు అవుతుంది. కానీ పెద్దవ్వ అక్కడితో ఆగదు.

"ఏం కూర?"

ఈ రెండో ప్రశ్న కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్ కంటే పదునైంది. అబద్ధమాడేవాడు అన్నం దాకా ఆలోచించుకుని వస్తాడు గాని కూర దాకా రాడు. ఒక్క క్షణం తడబడి "పప్పు" అంటాడు.

"పొద్దుగాల మీ అవ్వ పప్పు లేదని మా ఇంటికి వచ్చె గదరా. పప్పేడిది? కాళ్ళు కడుక్కొని రా, పో."

మూడు వాక్యాల్లో వాడి ఆకలి, వాళ్ళింటి డబ్బాల పరిస్థితి, వాళ్ళమ్మకూ వాడికీ ఆ పూట మాటల్లేవన్న సంగతి, అన్నీ బయటపడ్డాయి. ఇది సమాచారం కాకపోతే మరేమిటి? బంధం ఉంది, కాదనం. కానీ ఇక్కడ బంధం కట్టేది సమాచారంతోనే.

ఇక "ఏడికి?" అనే ప్రశ్న. ఇది తెలుగువాళ్ళందరికీ నిషిద్ధ ప్రశ్నే. బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అడిగితే పని కాదని పెద్దలు కోప్పడతారు, అందుకే తెలివైనవాళ్ళు "దూరమా?" అని అడుగుతారు. నిషేధం ఉంది గనక తప్పించుకునే జవాబు కూడా శాస్త్రసమ్మతమే. "గిట్నే" అంటారు. చాయ్ దుకాణానికి పోయినా గిట్నే, దవఖానకని మంచిర్యాల పోయినా గిట్నే. జవాబు విననట్టే అడిగినావిడ తల ఊపుతుంది, కళ్ళు మాత్రం చేతిలోని సంచిని చదువుతుంటాయి. సంచిలో ఫైలుంటే తహసీల్ ఆఫీసు, టిఫిన్ డబ్బా ఉంటే దవఖాన, కొత్త తువ్వాలుంటే పిల్లను చూడ్డం. న్యాయదర్శనంలో దీన్ని అనుమాన ప్రమాణం అంటారు. పొగను చూసి నిప్పును ఊహించిన గౌతముడు, తువ్వాలను చూసి సంబంధాన్ని ఊహించే పెద్దవ్వ ఒకే సంప్రదాయానికి చెందినవాళ్ళు.

బుద్ధుడు ప్రశ్నలను నాలుగుగా విడదీశాడు. సూటిగా జవాబు చెప్పదగ్గవి, విడమరిచి చెప్పదగ్గవి, ఎదురు ప్రశ్న వేసి చెప్పదగ్గవి, జవాబు చెప్పకుండా పక్కన పెట్టదగ్గవి. ఈ విభజన రేగుంటలో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. "జీతమెంత?" ఎదురు ప్రశ్న జాతి: "నీకెంత మామా?" "పెండ్లెప్పుడు?" పక్కన పెట్టే జాతి. "ఏం జేస్తున్నవ్?" విడమరిచే జాతి. ఊళ్ళో చదువుకున్న కుర్రాడు "భర్తీకి తయారైతున్న" అంటాడు. అంటే పొద్దున్నే రోడ్డు మీద పోలీస్ భర్తీ కోసం 1600 మీటర్లు పరుగెత్తుతున్నాడని, మధ్యాహ్నం నాయిన చేనులో ఉన్నాడని, మిరప ఏరే కాలంలో అవతలి జిల్లాలకు కూలికి పోయి వచ్చాడని, రెండుసార్లు పోయిన పరీక్ష గురించి ఇంకేమీ అడగొద్దని. అన్నీ ఒక్క ముక్కలో వచ్చేశాయి. కవిత్వంలో దీన్ని ధ్వని అంటారు, మార్కులు పడతాయి. భర్తీలో పడవు.

ఐదో జాతి ఒకటి బుద్ధుడికి తట్టలేదు. అది "మీదే రాష్ట్రం?" అన్నది. పెళ్ళిళ్ళలో నది అవతలి చుట్టాలు అడుగుతారు, నాగపూర్‌లో హాస్టల్ వార్డెన్లు అడుగుతారు. సూటిగా చెప్పబోతే కష్టం. ఈ నేల 1860లో నిజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్ళకు పోయింది. సిరోంచా ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్నమైంది. 1874లో ఆ జిల్లాయే పోయి చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిసింది. సెంట్రల్ ప్రావిన్సెస్, మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో చాందా విడిపోయి గడ్చిరోలి. తరతరాలుగా ఇక్కడే ఉన్న ఇంట్లో ముసలాయన దీనికి చెప్పే జవాబు ఇదీ: "మేం గీడనే ఉన్నం. రాష్ట్రాలే వచ్చిపోయినయ్." మొత్తం పరిశీలనలో నిలబడి అడిగినవాడికి దొరికిన నిజమైన జవాబు ఇదొక్కటే. రాష్ట్రాల విషయంలో దాచుకోవడానికి ఆయనకేమీ లేదు మరి.

ఇప్పుడు సిద్ధాంతం. జవాబులోని నిజం ప్రశ్నను బట్టి ఉండదు, అడిగినవాడి గుణాన్ని బట్టి ఉండదు, చెప్పేవాడి నిజాయితీని బట్టి అసలే ఉండదు. ఆసనాన్ని బట్టి ఉంటుంది. నిలబడి అడిగినవాడికి మర్యాద దక్కుతుంది, కూర్చున్నవాడికి నిజం దక్కుతుంది.

"బాగున్నరా?" అని గడప బయటి నుంచి అడిగితే "బాగున్నం" అన్నదే జవాబు. అదే మనిషి మంచం మీద కూర్చుని, నీళ్ళు తాగి, "మోకాళ్ళెట్లున్నయ్?" అంటే ఇక సాయంత్రమైనట్టే. మోకాలు, దానికి రాసిన నూనె, ఆ నూనె తెచ్చిన అల్లుడు, అల్లుడి తాగుడు, బిడ్డ కాపురం, వరసగా వస్తాయి. 1975లో గ్రైస్ అనే తాత్వికుడు సంభాషణకు నియమాలు పెడుతూ అడిగినంతే చెప్పాలి, అంతకు మించి చెప్పకూడదు అన్నాడు. ఆయనకు మోకాళ్ళ నొప్పులున్న మేనత్త లేదనుకోవాలి.

ఆక్షేపణ: అలాగైతే ఆఫీసులో సాహెబు కూర్చునే అడుగుతాడు గదా, అక్కడ నిజమెందుకు రాదు? సమాధానం: అక్కడ అడిగేవాడే కూర్చుంటాడు, చెప్పేవాడు నిలబడతాడు. కాబట్టి సూత్రాన్ని సవరించుకోవాలి. ఇద్దరూ కూర్చోవాలి, ఒకే ఎత్తున కూర్చోవాలి. ఈ నియమం తప్పిన చోట "ఎంత పండింది?" అన్న ప్రశ్నకు పంట ఏమవుతుందో చూడండి. పిల్లనిచ్చే వాళ్ళు అడిగితే ఎకరానికి కొంత పెరుగుతుంది. బాకీ అడగొచ్చిన బావమరిదికి కొంత తరుగుతుంది. తలాఠీ, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగి, పంచనామాకు వస్తే చేను పూర్తిగా ఎండిపోతుంది. మిరప చెట్టు మాత్రం ముగ్గురికీ ఒకటే. ఇందులో నవ్వలేని ముక్క కూడా ఒకటుంది. ప్రాణహిత, గోదావరి నిజంగానే పొంగి చేను కొట్టుకుపోయిన ఏడు, రైతు నిలబడి "అంత పోయింది సాయెబ్" అన్న జవాబు కాగితం మీద పోయినేటి జవాబులాగే కనిపిస్తుంది. నుక్సాన్ భర్పాయి, అంటే నష్టపరిహారం, లెక్క తప్పేది అక్కడే, ఆ తప్పు రైతు ఒక్కడిదే కాదు.

పడుకున్నవాడి సంగతి వేరు. డాక్టరు నిలబడి, రోగి మంచం మీద ఉండగా "తాగుతావా?" అని అడిగాడనుకోండి. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం, కాబట్టి శాస్త్రరీత్యా తాగేవాళ్ళు ఉండడానికి వీల్లేదు. "ఎప్పుడన్న, పండుగకు" అంటాడు రోగి. సగం నిజమే. ఇప్పపువ్వు రాలే కాలంలో ఏ రోజు పండుగ కాదో మాత్రం చెప్పడు.

ఆసన సిద్ధాంతానికి తిరుగులేని రుజువు భూమిలో దొరికింది. జీపు కిటికీలోంచి "ఇక్కడ చూడ్డానికేముంది?" అని అడిగినవాడికి సిరోంచా తాలూకా ఏ ఊళ్ళో అయినా వచ్చే జవాబు "ఏమున్నది సార్, రాళ్ళు" అన్నదే. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు అడిగి వెళ్ళిపోలేదు. ఈ తాలూకాలోని పోచంపల్లి దగ్గర 1958లో మొదటి ఎముకలు కనిపించాక 1960, 61ల్లో కూడా మకాం వేసి కూర్చుని తవ్వారు. జురాసిక్ కాలపు మహాకాయం ఒకటి బయటపడింది. 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు, తవ్విన కాలంలో రవీంద్రుడి శతజయంతి వచ్చింది గనక. ఆ అస్థిపంజరం ఇప్పుడు కలకత్తాలో నిలబడి ఉంది. కనీసం ఆరు జంతువుల ఎముకలు దొరికాయి గాని తలకాయ మాత్రం ఒక్కటీ దొరకలేదు. ఎంత తవ్వినా కొంత చెప్పకుండా ఉంచుకోవడం ఈ ప్రాంతపు జవాబుల స్వభావం.

ఇక మిగిలింది ప్రయోగశాల. అది మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సు. సిరోంచా నుంచి ఆలాపల్లికి సుమారు వంద కిలోమీటర్లు, రోడ్డును బట్టి ఎన్ని గంటలైనా పట్టొచ్చు. ఒకే సీటు, ఒకే ఎత్తు, గుంతలు పడ్డప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి లేచి ఒకేసారి పడతారు. ఇంతటి సమానత్వం మన సమాజంలో మరెక్కడా లేదు. దానికి తోడు దిగిపోయాక ఒకరికొకరు కనపడరు. పెళ్ళాంతో చెప్పని అప్పు, అన్నతో చెప్పని భూమి తగాదా, ఉద్యోగం వదిలేయాలని ఉన్నా వదల్లేకపోవడం, కొడుకు మీద కోపం, అన్నీ ఈ సీట్లోనే బయటికొస్తాయి. "నిజంగ జెప్పాల్నంటే" అనే మాట రేగుంటలో వీధిలో కంటే బస్సులోనే ఎక్కువ వినిపిస్తుంది. అరుగు మీద, ఆఫీసులో, పెళ్ళి పందిట్లో ఏళ్ళ తరబడి దాచిన జవాబులను అరవై మంది ముందు, డ్రైవరుకు కూడా వినపడేలా చెప్పేస్తారు. పూర్తి సత్యానికి మరో చోటు కూడా ఉంది. ప్రాణహిత, గోదావరి సంగమం అవతల కాళేశ్వరం గుళ్ళో ఒకే పానవట్టం మీద యముడూ శివుడూ రెండు లింగాలుగా పక్కపక్కనే ఉంటారు. అక్కడ ప్రశ్న అడగరు, జవాబు ముందే రాసి ఉంటుంది. బతికున్నంత కాలం మాత్రం బస్సే గతి.

శాస్త్రం ముగిసింది. 2027 జనగణనకు ఈ పక్కకు వచ్చే ఉద్యోగులకు ఒక మనవి. గుమ్మం ముందు నిలబడి కాగితం తీయకండి. మంచం వాలుస్తారు, కూర్చోండి, ఇంటాయన్ను కూడా పక్కనే కూర్చోమనండి. మాతృభాష గడి తర్వాత, ముందు మోకాళ్ళ సంగతి అడగండి. చాయ్ ఇస్తారు, తాగండి. చక్కెర వద్దని మాత్రం అనకండి. అంటే షుగర్ ఎప్పటి నుంచి, మందులెవరు రాసిన్రు, జీతమెంత, పిల్లలెందరు, మీ అత్తగారిదే ఊరు అని వాళ్ళే మీ లెక్క తీసుకోవడం మొదలుపెడతారు, ఆ పూటకు మీ కాగితం ఖాళీగానే తిరిగొస్తుంది.