గడియారం ఒకరిది, కుర్చీ ఇంకొకరిది

2022 జూన్‌లో నాంపల్లి బీజేపీ ఆఫీసు దగ్గర 'సాలు దొర, సెలవు దొర' అంటూ కేసీఆర్ సర్కారుకు రోజులు లెక్కపెట్టే డిజిటల్ బోర్డు వెలిగింది. అవతలివాళ్లు ఊరుకుంటారా? 'సాలు మోదీ, సంపకు మోదీ' అని బదులు ఫ్లెక్సీలు లేచాయి. ప్రధాని వచ్చే వేళకు ఎల్బీనగర్‌లో 'మనీ హైస్ట్' దొంగలే హోర్డింగెక్కి, మేం బ్యాంకులతో సరిపెట్టుకుంటాం, తమరు దేశాన్నే దోచేస్తారని దండం పెట్టినంత పని చేశారు. 2023 మార్చిలో అమిత్ షాకు ఏకంగా వాషింగ్ పౌడర్ నిర్మా హోర్డింగ్‌లతో స్వాగతం! ఢిల్లీ సర్కారుకూ హైదరాబాద్ సర్కారుకూ మధ్య ఫైళ్లు కూడా ఇంత వేగంగా నడిచి ఉండవు.

అదే ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పడితే ఇబ్రహీంపట్నం. ఇక్కడి ఓటరు ఇరుపక్షాల మీమ్‌లకూ కడుపుబ్బా నవ్వి, ఆ ఏడాది చివర్లో కాంగ్రెస్ అభ్యర్థి మల్‌రెడ్డి రంగారెడ్డిని గెలిపించాడు. దొరకు సెలవైతే దొరికింది. గడియారం కట్టిన పార్టీకి కుర్చీ దొరకలేదు.

ఇదే నియోజకవర్గంలో ఫార్మాసిటీకి భూములు పోయిన యాచారం రైతుకు ఇప్పుడు 'ఫ్యూచర్ సిటీ' బొమ్మలు చూపిస్తున్నారు. నవ్వకండి, అవి మీమ్‌లు కావట.