విగ్గులు నాలుగు, తేదీలు మూడు
(టీకా తాత్పర్య విశేషాంశ సహితం)

అవతారిక

ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో అగాథా క్రిస్టీ నవల ‘ఎలిఫెంట్స్ కెన్ రిమెంబర్’ దొరికింది. చివరి ఖాళీ పేజీలో ఎవరో పెన్సిలుతో ఒక ఆటవెలది రాసిపెట్టారు. సంతకం లేదు. నవల 1972లో అచ్చయింది కాబట్టి కవి ఆ తర్వాతివాడని మాత్రం నిర్ణయించగలిగాం. పుస్తకం పూర్తిచేసి, దాని వెల తలచుకుని, ఆ ఆవేశంలోనే పద్యం చెప్పి ఉంటాడని పండితుల ఊహ. పండితులంటే నేనూ, పుస్తకాలమ్మే ఆయనా.

మల్లినాథసూరి కాళిదాసుకు ‘సంజీవని’ అనే వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యకు అంత పేరు పెట్టుకునే ధైర్యం లేదు. రోగి పరిస్థితి ముందే చెప్పడం వైద్యధర్మం. కథాంతం తెలుసుకోకుండా నవల చదవదలచినవారు ఇక్కడే ఆగగలరు. తక్కినవారు పద్యంలోకి రండి.

మూలం

ఆ. నాల్గు విగ్గులుండె, నాకప్పుడే తట్టె
కవల యొకతె కూడ కలదటంచు;
ఏనుగులకు గుర్తె యింతయు, వ్రాసిన
యవ్వకేమొ తిథులె యందవయ్యె.

ప్రతిపదార్థం

నాల్గు విగ్గులు = చనిపోయిన లేడీ రావెన్స్‌క్రాఫ్ట్‌కు ఉన్న నాలుగు సవరపు టోపీలు; ఉండె = ఉన్నాయట; అప్పుడే = ఆ మాట చెవిన పడ్డ క్షణానే, అంటే డిటెక్టివ్ పాయిరోకు తట్టడానికి చాలా ముందే; నాకు = పైసలిచ్చి పుస్తకం కొన్న నాకు; తట్టె = స్ఫురించింది; కవల యొకతె = అచ్చుగుద్దినట్టుండే తోబుట్టువు ఒకతె; కూడ = విగ్గులు చాలవన్నట్టు; కలదు అటంచు = ఉన్నదని; ఏనుగులకు = ఏనుగులకు (ఇక్కడ శ్లేష ఉంది, విశేషాల్లో చూడుడు); ఇంతయు = ఈ గొడవంతా; గుర్తె = గుర్తే; వ్రాసిన అవ్వకు = రచయిత్రి అయిన అగాథా క్రిస్టీకి; ఏమొ = అయ్యో అని భావం; తిథులె = కనీసం తేదీలైనా; అందవయ్యె = చేతికి అందలేదు.

తాత్పర్యం

కొండకొమ్ము మీద జనరల్ రావెన్స్‌క్రాఫ్ట్, ఆయన భార్య తుపాకీ గుళ్లకు చనిపోయి పడి ఉన్నారు. ఆయన ఆమెను చంపాడా, ఆమె ఆయనను చంపిందా? ఏళ్లు గడిచాక, వాళ్ల కూతుర్ని కోడలిగా తెచ్చుకోబోయే ఇంటావిడ ఒక విందులో డిటెక్టివ్ నవలల రచయిత్రి అరియాడ్నీ ఆలివర్‌ను పట్టుకుని ఇదే అడుగుతుంది. మన దగ్గర సంబంధం ఖాయం చేసేముందు గోత్రం, జాతకం అడుగుతాం. ఆవిడ హంతకులెవరని అడిగింది, అంతే తేడా. మిసెస్ ఆలివర్ వచ్చి పాయిరోకు చెబుతుంది. ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్లను కదిలిస్తారు. నవలంటే ఆ తిరుగుడే. విగ్గుల సంగతి, పెంపుడు కుక్క యజమానురాలినే కరిచిన సంగతి బయటపడేసరికి, భార్య స్థానంలో ఉన్నది కవలేనని పోల్చుకుని, పాఠకుడు కేసు మూసి కాఫీకి లేస్తాడు. పాయిరో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటాడు.

విశేషాలు

1. ఏనుగులు. పాత సంగతులు మరిచిపోని ముసలివాళ్లకు మిసెస్ ఆలివర్ పెట్టిన పేరు ఇది. దానికి ఆమె చెప్పే పిట్టకథ మనదే: భారతదేశంలో ఒక దర్జీ ఏనుగుకు సూది గుచ్చాడు, అది మరోసారి అటు వచ్చినప్పుడు నోటినిండా నీళ్లు పట్టుకొచ్చి వాణ్ణి తడిపేసింది. మన పిల్లలు అన్నం ముద్దల మధ్య వినే కథ లండన్ దాకా నడిచి వెళ్లి నవలకు పేరైంది. మొత్తం పుస్తకంలో ఎవరి బాకీ వాళ్లు సకాలంలో తీర్చింది ఆ ఏనుగొక్కటే.

2. తిథులు. ఇక్కడ పాఠభేదాలు అనేకం. చావులు జరిగి పది పన్నెండేళ్లయిందని ఒకచోట, పదిహేనని ఇంకోచోట, ఇరవై అని మరోచోట. జనరల్‌కు అరవై, భార్యకు ముప్పై అయిదు అని ఒక లెక్క. తీరా చూస్తే ఆయన వయసులో ఉన్నప్పుడే ఆమె కవల సోదరిని ప్రేమించాడట. ఆ లెక్కన ప్రేమించిన నాటికి ఆ పిల్ల ఉయ్యాల్లో ఉండాలి. తాళపత్రమైతే లేఖకుడి మీద తోసేసి బయటపడేవాళ్లం. ఇది అచ్చు ప్రతి.

3. అవ్వ. ఈ పదం మీద వివాదం ఉంది. రాయలసీమ పాఠకుడికి ఇందులో ఆప్యాయత వినిపిస్తుంది. కోస్తావారు మర్యాద తగ్గిందంటారు. నవల రాసేనాటికి ఆమెకు 81 ఏళ్లు కనుక మొదటి అర్థాన్నే గ్రహించాం.

4. ఛందస్సు, అలంకారం. ఆటవెలది. నాలుగు పాదాల్లోనూ యతి చెల్లింది, కథలో తేదీలే చెల్లలేదు. మరిచిపోని ఏనుగుల గురించి మరిచిపోతున్న మనిషి రాయడం విషమాలంకారం.

పూర్వపక్షం

“పాయిరో 1920 నుంచి నడుస్తున్నాడు. ఆ బూడిదరంగు మెదడుకణాల్ని నమ్మి అర్ధశతాబ్దం కొన్నాం. ముసలివాళ్ల కబుర్లు వినడానికి మా వీధి అరుగు చాలదా? ఇదే పని 1942లో ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’లో క్రిస్టీ ఎంత దివ్యంగా చేసింది! అదీ పదహారేళ్ల నాటి హత్యే, అదీ పాత జ్ఞాపకాలే. కానీ అయిదుగురు సాక్షులు అయిదు రకాలుగా చెబుతుంటే ఒక్కొక్కరి మాటలో ఒక్కో మనిషి కనిపిస్తాడు. ఇక్కడ అందరూ ఒకే గొంతుతో ‘ఏదో విన్నాను, సరిగ్గా గుర్తులేదు’ అంటారు. ఇది మోసం.”

సిద్ధాంతం

ఫిర్యాదు న్యాయమే. మోసమన్న మాట మాత్రం నిలవదు. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాన్ లాంకషైర్, గ్రేమ్ హర్స్ట్ క్రిస్టీ నవలల్లోని మాటల్ని కంప్యూటర్‌తో లెక్కగట్టి 2009లో ఆ ఫలితాలు చెప్పారు. 63 ఏళ్ల వయసులో రాసిన ‘డెస్టినేషన్ అన్‌నోన్’తో పోలిస్తే ఈ నవలలో పదసంపద సుమారు 30 శాతం తగ్గింది. అన్న మాటే మళ్లీ అనడం, ‘ఏదో’, ‘అదేదో’ లాంటి పట్టులేని మాటలు పెరిగాయి. మతిమరుపు జబ్బు మొదలై ఉండవచ్చని వారి అనుమానం. ఇది మాటల లెక్కే గాని వైద్యపరీక్ష కాదు, నిజమే. అయినా మా ఇంట్లో పోపులడబ్బా చేతిలో పట్టుకుని “అదేరా, ఆ నల్లగా ఉంటాయి చూడూ, అవి” అన్న నాయనమ్మను చూసినవాణ్ణి. ఆవాలన్న మాట ఆమెకు ఎటో పోయింది. పోపు మాత్రం మాడలేదు. పూర్వపక్షి “సరిగ్గా గుర్తులేదు” అని వెక్కిరించిన ఆ గొంతు సాక్షులది కాదు, రచయిత్రిదే.

పాయిరోతో ఆమె రాసిన చివరి నవల ఇదే. పాయిరో చనిపోయే ‘కర్టెన్’ 1975లో వచ్చినా, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనే రాసి భద్రపరిచినది. అంటే పాయిరో చావును చేతిలో సత్తువ ఉన్నప్పుడే రాసిపెట్టుకుంది. సత్తువ సడలాక రాసింది మాత్రం జ్ఞాపకాల మీద. ఇది ఎరిగినవాడికి మొదట హాస్యం పుడుతుంది, పోను పోను కరుణ మిగులుతుంది. అయితే కరుణరసం పుట్టిందని పుస్తకం బాగున్నట్టు కాదు. ఆవిడ మీద జాలి వేరు, నవల మీద తీర్పు వేరు. ఆ రెంటినీ కలిపితే వ్యాఖ్యాత కూడా తిథులు తప్పినట్టే.

ఫలశ్రుతి

ఈ పద్యం త్రికాలాల్లో పఠించినవారికి పాత పుస్తకాల కుప్పలో చెయ్యిపెట్టే ముందు అట్ట మీద సంవత్సరం చూసే బుద్ధి కలుగుతుంది. క్రిస్టీని ఇంకా చదవనివారు దీనితో మొదలుపెట్టవద్దు, ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’ చదవండి. అన్నీ చదివినవారు దీన్ని చివర్న, ఒక్కసారి చదవండి. నా ప్రతి కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి. పెన్సిలు పద్యం మాత్రం చెరపకండి.