ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ గారు

ఆయన అసలు పేరు ఆధార్ కార్డు మీదా, పెన్షన్ పుస్తకంలోనూ ఉంటే ఉండవచ్చు. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి వాళ్ళందరికీ మాత్రం ఆయన ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ గారు. నడుములో నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య ఉన్న డిస్కు కాస్త బయటికి తొంగి చూసిందట. ఆ కబురు ఎమ్మారై రిపోర్టులో అచ్చయి వచ్చిన రోజున ఆయన ఇంటిపేరు మారిపోయింది. ఇలాంటివారు ప్రతి వీధికీ ఒకరుంటారు. మీ వీధిలో ఎవరూ కనబడకపోతే ఇంట్లోవాళ్ళని ఒకసారి అడిగి చూడండి, అది మీరే కావచ్చు.

ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఫైలు నడపడం తప్ప మరో విద్య ఎరగని మనిషి కనక నొప్పికి కూడా ఫైలు తెరిచారు. పెళ్ళికి వచ్చినా చంకలో ఎమ్మారై కవరు ఉంటుంది. "బాగున్నారా?" అని మనం మర్యాదకి అంటే ఆయన దాన్ని ప్రశ్న అనుకుంటారు. ఫిల్మును పందిట్లో ట్యూబులైటుకి ఎత్తిపట్టి "ఇదిగో, ఈ నల్లమచ్చ చూశారా" అని మొదలుపెడితే తలంబ్రాలైపోయి మొదటి బంతి లేచేదాకా దించరు. నొప్పి అన్నదే లేనివాళ్ళకి స్కాన్ తీసినా ఇరవయ్యేళ్ళవాళ్ళలో నూటికి 30 మందికి, ఎనభయ్యేళ్ళవాళ్ళలో 84 మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుందని 2015లో పరిశోధకులు లెక్క తేల్చారు. ఈ సంగతి ఆయన చెవిన వేసే ధైర్యం మా వీధిలో ఎవరికీ లేదు. ఉన్న ఒక్క స్థలానికీ పట్టా చెల్లదంటే ఎవరు ఊరుకుంటారు?

నొప్పి మూడు నెలలు దాటితే దీర్ఘకాలికం అంటారు డాక్టర్లు. ఈయనది దాటి ఏళ్ళయింది. ఈలోగా ఆయన తొక్కని గడప లేదు. పుత్తూరు వెళ్ళి, ఎముకేదీ విరగకపోయినా కట్టు కట్టించుకుని వచ్చారు. సూర్యారావుపేటలో ట్రాక్షన్ పెట్టించుకున్నారు. హోమియో మాత్రలు వేసుకోవడం కోసం కాఫీ మానేసి, కాఫీ కోసం హోమియో మానేశారు. కేరళ వైద్యంలో నడుం మీద మినప్పిండి గట్టు కట్టి వేడినూనె పోస్తే, "అంత పిండితో ఇంటిల్లిపాదికీ గారెలయ్యేవి" అని వాళ్ళావిడ నిట్టూర్చింది. అయస్కాంతాలు కుట్టిన బెల్టు ఒకటి కొన్నారు. బీరువా పక్కగా నడిస్తే అంటుకుంటుందేమోనని కొన్నాళ్ళు దూరం దూరంగా తిరిగారు.

చివరికి ఒక పెద్ద డాక్టరు ఫైలంతా తిరగేసి, రాత్రి పడుకోబోయే ముందు వేసుకోమని ఎమిట్రిప్టిలిన్ పది మిల్లీగ్రాముల మాత్ర రాశాడు. ఆ మోతాదులో దాన్ని దీర్ఘకాలిక నొప్పులకి లోకమంతా వాడతారు. కానీ మనవాడు మాత్ర మింగేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తాడు కదా, ఫోనులో వెతికాడు. "డిప్రెషన్" అన్న మాట కంటబడింది. అంతే, ఇల్లు ఎగిరిపోయింది. "నేను నడుం నొప్పంటే వాడు పిచ్చి మాత్ర రాస్తాడా? రేపు వాల్తేరు ఎక్కిస్తాడా?" అని మాత్రల అట్టని అటకమీదకి విసిరారు. పిచ్చాసుపత్రులున్న చోట్లు కనక మా వైపు వాల్తేరు అన్నా, హైదరాబాదు వైపు ఎర్రగడ్డ అన్నా ఊరి పేర్లు కావు, తిట్లు.

ఇక్కడే ఈ జాతి మనిషి అసలు లక్షణం ఉంది. నడుముకి ఎన్ని జబ్బులైనా రావచ్చు, పరువు పోదు. పైపెచ్చు పెరుగుతుంది కూడా, వచ్చినవాళ్ళు కుర్చీ వేస్తారు. మనసుకి మాత్రం జలుబు కూడా చెయ్యకూడదు. రిటైరైన దగ్గర్నుంచి ఆయనకి తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. వచ్చాక గుండెల్లో గాభరా. తెల్లారితే చెయ్యడానికి ఏమీ లేదన్న దిగులు. ఇదంతా నడుం ఖాతాలోనే జమ వేస్తూ వచ్చారు. ఒక రాత్రి మాత్రం 14416కి ఫోను చేశారట. అది 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్ళతో డబ్బు తీసుకోకుండా మాట్లాడతారు. అవతల ఎవరో ఎత్తి "చెప్పండి" అనగానే మన సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకుని "గ్యాస్ బండ బుకింగేనా?" అని పెట్టేశారు. వాళ్ళావిడ కాల్ లిస్టు చూసి అడిగితే "రాంగ్ నంబరు" అన్నారు. అదొక్కటీ నిజమే. తప్పు ఎటువైపున్నదో చెప్పలేదు.

హిప్నాటిజం మాట తెచ్చింది బావమరిది. "బావగారూ, అన్నీ చూశారు, ఇదొక్కటీ చూడండి" అన్నాడు. ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ గారి కళ్ళు మెరిశాయి. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళడం అప్రతిష్ఠ. హిప్నాటిజం అలా కాదు, అదొక సాహసం. పట్టాభిరాం గారి ప్రదర్శనలు చూసి, ఉల్లిపాయని ఆపిల్ అనుకుని కొరికిన కుర్రాడికి చప్పట్లు కొట్టి పెరిగిన తరం ఆయనది. పార్కులో బాహాటంగా ప్రకటించారు: "హిప్నాసిస్‌కి వెళ్తున్నాను. నడుముకి."

వెళ్ళేముందు మళ్ళీ ఫైలు. నెల తిరిగేసరికి మా పార్కులో చింతచెట్టు కింద బల్ల మీద విశ్వవిద్యాలయం వెలిసింది. వియన్నాలో మెస్మర్ అనే వైద్యుడు మొదట్లో అయస్కాంతాలతోనే రోగాలు కుదిర్చేవాడని తెలిసి ఆయన బెల్టు మరింత బిగించారు. తరవాతి పేజీలో 1784లో ఫ్రాన్సు రాజు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌నీ లవాజియేనీ కూర్చోబెట్టి విచారణ చేయించాడనీ, అయస్కాంతమూ లేదు గియస్కాంతమూ లేదు, అంతా ఊహ చేసే పని అని వాళ్ళు తేల్చారనీ ఉంది. ఆ సాయంత్రమే బెల్టు విప్పి బావమరిదికి బహూకరించారు, "నీకు పనికొస్తుంది, ఊహ ఎక్కువ" అని.

ఆయనకి అభిమాన నాయకుడు జేమ్స్ ఎస్డెయిల్. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లండు సర్జను, 1845లో బెంగాల్లోని హుగ్లీలో మత్తుమందు లేకుండా, మనుషుల్ని గంటల తరబడి చేతి సైగలతో మైమరపించి శస్త్రచికిత్సలు మొదలుపెట్టాడు. మరుసటేడు కలకత్తాలో దానికో ఆసుపత్రి కూడా ఇచ్చారు. 1847లో క్లోరోఫామ్ రావడంతో ఆ వైభవం వెనకబడింది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ ఆపరేషన్లలో పెద్ద వాటా వృషణాల తిత్తికి వచ్చే కణితులవి. పార్కులో లలితా సహస్రనామం బృందం పక్కబల్ల మీదే కూర్చుంటుందన్న స్పృహ లేకుండా ఈయన ఒక్కో కేసూ, ఒక్కో కణితి బరువుతో సహా వివరించడంతో పారాయణం రామాలయానికి మారిపోయింది.

గోవా యాత్రకి తీసుకెళ్తే అందరూ సముద్రం వైపు పరిగెత్తారు. ఈయన పణజిలో అబే ఫారియా విగ్రహం ముందు నిలబడి ఫొటో దిగారు. పడిపోతున్న స్త్రీ మీదికి చేతులు చాచిన నల్లటి పాద్రీ ఆయన. కండోలింలో పుట్టి పారిస్ వెళ్ళి, 1813లో అక్కడి జనానికి చెప్పాడు: శక్తి చేయించేవాడి చేతిలో లేదు, చేసుకునేవాడి మనసులో ఉంది అని. మెస్మర్ వంద మాటలకి ఈ ఒక్క మాట సాటి అని నా అభిప్రాయం. మనవాడికి మాత్రం అది అంతగా రుచించలేదు. మనసులో ఉందంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే కదా!

మధ్యలో బావమరిది ఇంకో దారి పట్టించబోయాడు. హిప్నాటిజంతో పూర్వజన్మ చూపిస్తారని ఎక్కడికో వెళ్ళి, తాను కృష్ణదేవరాయల సేనాధిపతినని తెలుసుకుని వచ్చాడు. వాడి మోకాలి నొప్పికి కారణం రాయచూరు యుద్ధంలో తగిలిన బల్లెమట. అక్కడికి వెళ్ళినవాళ్ళందరూ సేనాధిపతులో, రాజనర్తకులో అయి తిరిగి వస్తారు. రాయలవారి ఏనుగుశాలలో పేడ ఎత్తినవాడు ఒక్కడైనా మళ్ళీ పుట్టినట్టు లేదు. హిప్నాసిస్‌లో తవ్వి తీసిన జ్ఞాపకాలు నమ్మదగ్గవి కావని శాస్త్రం ఎన్నోసార్లు చెప్పింది. ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ గారు దానికి పోలేదు, శాస్త్రం మీద గౌరవంతో కాదు, "ఈ జన్మ పెన్షన్ అరియర్సే తేలలేదు" అని.

ఆయన వెళ్ళింది పద్ధతి గల చోటికే. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు, కూతురి ఈడు అమ్మాయి. గదిలోకి వెళ్ళగానే ఆయన నీరుగారిపోయారు. గొలుసు గడియారం లేదు, నల్లకోటు లేదు, కళ్ళలోకి గుచ్చి చూడటం లేదు. ఒక కుర్చీ, ఒక ఫ్యాను, మూలన మనీప్లాంటు.

"మీరు నిద్రపోరు సార్. నా మాటలన్నీ వినబడతాయి. మీకిష్టం లేనిదేదీ మీచేత చేయించలేను" అందా అమ్మాయి.

"మరింకేం హిప్నాటిజమమ్మా?" అన్నారు ఈయన, ఫీజు తిరిగి అడుగుదామా వద్దా అని ఆలోచిస్తూ. అయినా ముందు జాగ్రత్తగా ఏటీయం కార్డు బయట భార్య చేతిసంచిలో పెట్టి వచ్చారు.

చేతులు చాపమంది. ఎడమచేతికి బరువైన బక్కెట్టు, కుడిచేతికి గాలిబుడగలు ఉన్నాయనుకోమంది. "బక్కెట్టు ఎన్ని లీటర్లది?" అని అడిగారు. ప్రశాంతమైన చోటు ఏదైనా తలచుకోమంటే, తిరుమల అనుకుని క్యూ గుర్తొచ్చి మానుకుని, ప్రకాశం బ్యారేజీ అన్నారు. అందరికీ ఇది ఒకేలా పట్టదు. బాగా లోతుగా వెళ్ళగలిగేవాళ్ళు నూటికి పది పదిహేను మందే, అసలు కదలనివాళ్ళూ ఉంటారు. ఎంత పడుతుందో కొలవడానికి స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 1959లోనే కొలబద్ద తయారుచేశారు. మన సూపరింటెండెంటు గారు ఆ కొలబద్ద అడుగున ఎక్కడో ఉంటారని ఎవరైనా అనుకుంటారు. ఆ అమ్మాయి గడుసుది. "బ్యారేజీకి డెబ్భై గేట్లు కదా సార్, ఒక్కొక్కటే నెమ్మదిగా దించుకుంటూ రండి" అంది.

"ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఆర్డరు లేకుండా గేటు దించకూడదమ్మా."

"ఆర్డరు నేనిస్తున్నాను సార్. దించండి."

ఆర్డరు అన్న మాట విని ఎంతకాలమైందో! ముప్ఫై గేట్లు దించేసరికి భుజాలు జారాయి. నలభై దాటేసరికి నడుం కుర్చీకి ఆనింది. ఆ తరవాత జరిగింది పార్కులో చెప్పినప్పుడు "దివ్యమైన అనుభూతి" అన్నారు. తప్పొప్పుల పట్టిక వాళ్ళావిడ దగ్గర ఉంది. తలుపు సందులోంచి వినబడింది నడుం సంగతి కాదట. రిటైర్మెంటు రోజు శాలువా కప్పి ఇంటికి పంపిన తరవాత ఒక్కరూ ఫోను చెయ్యలేదన్న సంగతి, మూడుగంటల గాభరా సంగతి. బయటికి వచ్చాక కళ్ళెందుకు ఎర్రబడ్డాయంటే "ఫ్యాను గాలి సూటిగా కొట్టింది" అన్నారు. ఆవిడ ఏమీ అనకుండా ఏటీయం కార్డు తిరిగి ఇచ్చింది.

నాలుగైదు సిట్టింగుల తరవాత పార్కులో ఫలితం ప్రకటించారు: "నొప్పి ఉంది. అలాగే ఉంది. కానీ దానిమీద నాకిప్పుడంత కోపం లేదు." బల్ల బల్లంతా నవ్వింది. నవ్వినవాళ్ళకి తెలియనిదేమిటంటే, 1997లో మాంట్రియల్‌లో మనుషుల చేతులు వేడినీళ్ళలో ముంచి హిప్నాసిస్ కింద పరీక్షిస్తే తేలింది సరిగ్గా ఇదే. బాధ సహించరానిదిగా అనిపించడం తగ్గింది, దాంతోపాటు మెదడులో ఆ బాధకి సంబంధించిన భాగపు పని కూడా మారింది, నొప్పి ఎంతుందో తెలియడం మాత్రం అలాగే ఉంది. శాస్త్రవేత్తలు స్కానర్లు పెట్టి చెప్పింది ఈయన చింతచెట్టు కింద కూర్చుని చెప్పారు. ఎవరూ నమ్మలేదు. ఎమ్మారై చూపిస్తే నమ్మేవాళ్ళు.

గుణం కనబడిందంటే ఈ జాతి ఊరుకోదు, వెంటనే ప్రాక్టీసు పెడుతుంది. వాచ్‌మన్ పంటినొప్పికి గేట్లు దింపించబోయారు. వాడు మూడో గేటు దగ్గరే డోలో మాత్ర అడిగాడు. షుగరు మాత్రలు మానేసి సూచనలతో షుగరు దించుకుంటానని ఉత్సాహపడితే ఆ సైకాలజిస్టు అమ్మాయి గట్టిగా కోప్పడింది. ఆ కోపంలోనే, ఈ దిగులుకి ఒక్క హిప్నాసిస్ చాలదు, సైకియాట్రిస్టుని కూడా కలవాలని చెప్పి చీటీ రాసిచ్చింది. ఆయన వెళ్ళారు. వీధిలో దానికి "హిప్నాసిస్ సెకండ్ స్టేజి" అని పేరు పెట్టారు. అటకమీది మాత్రల పేరే మళ్ళీ చీటీ మీదికొచ్చింది. ఇప్పుడవి కాల్షియం డబ్బాలో ఉంటున్నాయి. దీన్ని దొంగతనమని తిట్టేవాళ్ళున్నారు గానీ నేను తిట్టలేను. వీధి తలుపు నుంచి పోనివ్వని ఇంట్లోకి మనిషి దొడ్డిదారిన వెళ్ళి అన్నం తిన్నాడు, తిననివ్వండి.

ఈమధ్య చీకటి పడ్డాక ఆయన ఇంటికి రాకపోకలు పెరిగాయి. మొన్న రిటైర్డు లెక్కల మాస్టారు వచ్చి, గేటు దగ్గరే నిలబడి, అటూ ఇటూ చూసి, "ఆ డాక్టరమ్మ అడ్రసు కావాలి గురువుగారూ, మా తోడల్లుడికి" అన్నారు.

"తోడల్లుడికి నిద్ర మూడింటికి చెడుతోందా, నాలుగింటికా?"

"మూడున్నరకండీ" అని నాలిక కరుచుకున్నారు మాస్టారు.

ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ గారు అడ్రసు రాసిచ్చి, గొంతు తగ్గించి అన్నారు: "ఇంట్లో ఏం చెప్పాలో అనుకున్నారా? మెడ ఎదురింటి ప్లీడరు గారు తీసేసుకున్నారు. పొట్టలో గ్యాసు మన పోస్టుమాస్టరుది. మోకాలు ఖాళీగా ఉంది, అది చెప్పుకోండి."