లగాయ్ పండితులు, ఖాయ్ శాస్త్రులు

ఒకప్పుడు పేకాడేవాడికి ఊళ్ళో ఒకటే బిరుదు ఉండేది, అది అచ్చు వేయదగింది కాదు. ఇప్పుడు కాలం మారింది. ఐపీఎల్ నడిచే రెండు నెలలూ రఘునాథపల్లి మండలంలో, ఆ మాటకొస్తే జనగామ నుంచి ఘన్‌పూర్ దాకా రహదారి పొడుగునా, జూదగాడు వెతికినా దొరకడు. ఉన్నవాళ్ళంతా అనలిస్టులే. పదో తరగతి లెక్కల పరీక్షను మూడు దండయాత్రల్లో జయించిన పిలగాడు కూడా చాయ్ గ్లాసు చేతబట్టి దశాంశాల్లో మాట్లాడుతున్నాడు. "జూదమంటె చింతచెట్టు కింద మూడు ముక్కలాట అన్నా. మనది గట్ల గాదు, అనాలిసిస్. ఓడ్స్ అర్థం గానోడు మునుగుతడు, అర్థమైనోడు కొడతడు."

ఈ సిద్ధాంతానికి నేను విరోధిని కాను. ఓడ్స్ అర్థం చేసుకోవాలన్న మాట అక్షరాలా నిజం. నా ఫిర్యాదల్లా, మన పండితులు ఈ చదువును చివరి పాఠానికి ముందే ఆపేస్తున్నారని. ఫీజు మాత్రం పూర్తిగా కట్టారు, కొందరు పొలం కాగితాలు కుదువబెట్టి మరీ కట్టారు. అలాంటప్పుడు సిలబస్ పూర్తి చేయించడం కనీస ధర్మం కదా అని ఈ ప్రయత్నం.

మొదటి పాఠం లగాయ్–ఖాయ్. యాప్‌లు రాకముందు నుంచీ బుకీలు ఫోన్లో చెప్పే భాష ఇది. ఫేవరెట్ జట్టు రేటు "ఎనభై, ఎనభై రెండు" అన్నాడంటే, ఆ జట్టు గెలుస్తుందని 100 లగాయిస్తే 80 లాభం. ఓడుతుందని ఖాయ్ చేస్తే 82 ఒడ్డి 100 గెలవాలి. ఎనభైకీ ఎనభై రెండుకూ నడుమ ఉన్న ఆ రెండు రూపాయలు ఎవరివి అని ఏ శిష్యుడూ అడగడు, ఏ గురువూ చెప్పడు. చిల్లర విషయం కదా.

యాప్‌లు వచ్చాక ఆ చిల్లర నోటయింది. ఇప్పుడు రేటు దశాంశాల్లో కనిపిస్తుంది. బొమ్మా బొరుసులాంటి సమ ఉజ్జీ మ్యాచ్ అనుకోండి, ఇటు 1.90, అటు 1.90. వంద పెడితే, గెలిస్తే నూట తొంభై చేతికి. "చూసినవా అన్నా, రెండు దిక్కుల ఒక్కటే రేటు, ఎంత న్యాయంగ పెట్టిండో!" అని పండితుడు మెచ్చుకుంటాడు. ఒకటిని 1.90తో భాగించండి, 52.63 శాతం వస్తుంది. రెండు వైపులా కలిపితే 105.26. ఒక మ్యాచ్‌లో జరగగలిగినవన్నీ కలిపితే వందకు మించకూడదన్నది స్కూల్లో చెప్పిన సంగతి. పైన మిగిలిన ఆ 5.26లోనే కంపెనీ ఇల్లు కట్టుకుంది. మన అనలిస్టుకు పిచ్ మీద తేమ శాతం తెలుసు, ఎడమచేతి స్పిన్నర్ ఎదుట ఫలానా బ్యాటర్ సగటు తెలుసు, రాత్రి మంచు ఎన్ని గంటలకు కురుస్తుందో తెలుసు. ఈ ఒక్క కూడిక మాత్రం ఆయన కంట పడదు.

నమ్మకం కుదరకపోతే పిచ్‌తోనూ మంచుతోనూ పని లేని ప్రయోగం ఒకటి చెబుతాను. ఇద్దరు అన్నదమ్ములు చెరో 5,000 కలిపి 10,000 ముల్లె కట్టారు. ప్రతి మ్యాచ్‌కూ ఉన్న డబ్బులో సగం ఒక జట్టు మీద, సగం రెండో జట్టు మీద, రెండు వైపులా 1.90కి పెడతారు. ఎవరు గెలిచినా వీళ్ళకు నష్టం లేదనిపిస్తుంది, ఎందుకంటే ఇద్దరిలో ఒకడు ప్రతి రాత్రీ గెలుస్తూనే ఉంటాడు. మ్యాచ్‌కు వందలో అయిదు తరుగు. సీజన్‌లో 74 మ్యాచ్‌లనుకోండి. ఫైనల్ అయ్యేసరికి ముల్లెలో మిగిలేది దాదాపు 225 రూపాయలు. ఇందులో దురదృష్టం లేదు, తప్పుడు అనాలిసిస్ లేదు, అంపైర్ మోసమూ లేదు. ఒట్టి భాగహారం.

మిగిలిన తొమ్మిది వేల ఏడు వందల చిల్లర ఎటు పోయిందంటే, కాగితం మీద చాలాసార్లు కురాసావ్‌కు. కరీబియన్ సముద్రంలో చిన్న దీవి, జూదం కంపెనీలకు లైసెన్సులివ్వడంలో పెద్ద పేరు. కొమళ్ళ టోల్ గేటు దగ్గర యాభై రూపాయలు ఎక్కువ పట్టుకున్నారని గంటసేపు లొల్లి పెట్టుకునే మనిషి, కురాసావ్‌కు రోజూ చెల్లించే టోల్ గురించి పల్లెత్తు మాట అనడు. దోపిడీ మాటకొస్తే, సర్వాయి పాపన్న ఏలిన ఖిలాషాపూర్ కోట ఈ మండలంలోనే ఉంది. ఆయన్ను ఆనాటి పాలకులు దోపిడీదారనే రాశారు. ఎంత దోపిడీదారైనా ఆయన ముఖం చూపించి వచ్చాడు, వెల్‌కమ్ బోనస్ ఇచ్చి కోటలోకి పిలవలేదు.

బోనస్ అన్నాం కాబట్టి ఆ లెక్కా చూద్దాం. "వెయ్యి కడితే ఇంకో వెయ్యి ఫ్రీ." కింద చీమతలంత అక్షరాల్లో షరతు: బోనస్‌కు ఇరవై రెట్లు ఆడితేనే విత్‌డ్రా. అంటే 20,000 రూపాయల పందేలు కాయాలి. వందకు అయిదు చొప్పున తరుగు ఎంత? వెయ్యి. ఇచ్చిన వెయ్యి ఇచ్చినట్టే వెనక్కి వెళ్ళిపోయింది, పైగా ఇరవై వేలు ఆడే అలవాటును మన దగ్గర వదిలి వెళ్ళింది.

ఇక సెషన్. పండితుల ప్రత్యేక పత్రం ఇదే. మ్యాచ్ ఎవరు గెలుస్తారన్నది సామాన్యుల బెంగ. ఆరు ఓవర్లకు ఎన్ని పరుగులు, తరువాతి ఓవర్లో ఎన్ని, ఫలానావాడు ఎన్ని కొడతాడు అన్నది విద్వాంసుల వ్యవహారం. "48–50" అని రేటు పడుతుంది. 50 వస్తాయంటే యెస్, 48 రావంటే నో. సరిగ్గా 48 గానీ 49 గానీ వచ్చాయా, యెస్ అన్నవాడూ పోయాడు, నో అన్నవాడూ పోయాడు. ఇద్దరూ ఓడిపోయే పందెం శకునికి కూడా తట్టలేదు.

అయినా మనవాళ్ళకు సెషన్ మీద ధీమా ఉంది, ఎందుకంటే మన దగ్గర సన్‌రైజర్స్ ఉంది. 2024 ఏప్రిల్ 20న ఢిల్లీ మీద మొదటి ఆరు ఓవర్లలో వికెట్ పడకుండా 125 చేసిన జట్టు. ఆ రాత్రి యెస్ అన్నవాళ్ళంతా మేధావులయ్యారు. అదే సీజన్ ఫైనల్, మే 26, చెన్నై: ఓపెనర్లలో అభిషేక్ 2, హెడ్ ఎదుర్కొన్న మొదటి బంతికే వెనక్కి, జట్టు 113కు ఆలౌట్. ఆ రాత్రి అనాలిసిస్ ఎక్కడ పడుకుందో తెలియదు. మరుసటి ఏడాది మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 286 కొట్టగానే "ఈసారి మూడొందలు పక్కా" అన్న శబ్దం ఊరూరా మోగింది. నాలుగు రోజులకు అదే ఉప్పల్‌లో లక్నో మీద 190. టెస్టుల్లో 439 వికెట్లు తీసిన డేల్ స్టెయిన్ అంతటివాడు ఏప్రిల్ 17న మూడొందలు చూస్తామని ముందే జోస్యం చెప్పాడు. ఆ రోజు వాంఖడేలో వచ్చినవి 162. స్టెయిన్ కనీసం ఉచితంగా చెప్పాడు. మన గురువుగారు టెలిగ్రామ్‌లో వీఐపీ గ్రూపుకు ఫీజు తీసుకుని చెబుతారు.

ఆ వీఐపీ గ్రూపుల రహస్యం కూడా సిలబస్‌లో ఉండాల్సిందే. "బుకీ దగ్గరి మనిషి మనోడే, పక్కా రిపోర్ట్." ఎనిమిది వందల మందికి మెసేజ్ పోతుంది: నాలుగు వందల మందికి ఈ జట్టు అని, నాలుగు వందల మందికి ఆ జట్టు అని. తప్పు వెళ్ళినవాళ్ళను వదిలేస్తారు. మిగిలిన నాలుగు వందల్లో మళ్ళీ సగం సగం. రెండు వందలు, వంద, యాభై, ఇరవై అయిదు. అయిదు మ్యాచ్‌లు గడిచేసరికి ఇరవై అయిదుగురి ఫోన్లలో వరుసగా అయిదు నిజాలు మెరుస్తుంటాయి. ఆ ఇరవై అయిదుగురూ గురువుగారి పాదాలకు మొక్కి ఆరో రిపోర్టు కొంటారు. గురువుగారికి క్రికెట్‌లో ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో తెలియకపోయినా ఈ వ్యాపారానికి ఢోకా లేదు.

కాంబో గురించి రెండు ముక్కలు చాలు. నాలుగు మ్యాచ్‌లను ఒకే పందెంలో కలిపితే 1.90ని నాలుగుసార్లు హెచ్చవేసి 13.03 ఇస్తానంటాడు. "వందకు పదమూడు వందలు!" నాలుగూ నిజమయ్యే అవకాశం పదహారులో ఒకటి, కాబట్టి ఇవ్వాల్సింది పదహారు వందలు. ఒక్కో మ్యాచ్‌కు విడిగా అయిదు పోవడం చాలక, కట్టగట్టి వందకు పద్దెనిమిదిన్నర సమర్పించుకునే ఉదారులు కాంబో కడతారు. యాప్ వాళ్ళు దాన్నే పెద్ద అక్షరాల్లో పైన ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

అన్నిటికంటే నాకు గౌరవం కలిగించేది డబ్లింగ్ సిద్ధాంతం. 500 పోతే 1,000 పెట్టు, అదీ పోతే 2,000, ఎప్పుడో ఒకప్పుడు గెలవక తప్పదు, గెలిచిన రోజు పోయిందంతా వచ్చేస్తుంది. తర్కంలో లోపం లేదు. లోపం జేబులో ఉంది. వరుసగా ఏడు పోతే పోయినవి 63,500. ఎనిమిదో పందెం 64,000. ఇంత సాహసం దేనికంటే, సరిసమానం రేటు దొరికితే, మొదట అనుకున్న 500 లాభానికి. 1.90 రేటుకైతే అదీ లేదు, ఎనిమిదోది గెలిచినా 5,900 నష్టమే. ధర్మరాజు ఒకసారి సర్వం ఓడి, ధృతరాష్ట్రుడి దయవల్ల అంతా వెనక్కి పొంది, ఇంటి దారి పట్టినవాడు మళ్ళీ పిలిస్తే మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆ రెండో ఆటకు అనుద్యూతమని పేరు. ఇప్పుడు ఆ పిలుపు నోటిఫికేషన్ రూపంలో రాత్రి పదకొండున్నరకు వస్తుంది: "మిమ్మల్ని మిస్ అవుతున్నాం, ఇదిగో 200 ఫ్రీ బెట్." ధృతరాష్ట్రుడు కూడా అంత ప్రేమగా పిలవలేదు.

ఇంత విద్య నేర్చిన కొడుకు ఇంట్లో తండ్రిని మాత్రం "లెక్క తెలువనోడు" అంటాడు. తండ్రి పత్తి వేశాడు. వాన రావచ్చు, రాకపోవచ్చు. గులాబీ పురుగు పట్టవచ్చు, పట్టకపోవచ్చు. 2025–26కు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,110. తేమ 12 శాతం దాటితే కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) కొనదు, బయట వ్యాపారి చెప్పిందే ధర. ఇదీ పందెమే, పైగా ఓడ్స్ ఇంతకంటే ఘోరం. కానీ ఓడిపోయిన ఏడు కూడా చేను మీద నాలుగు బస్తాలు మిగులుతాయి. కొడుకు ఓడిన సెషన్‌లో కట్టెపుల్ల కూడా మిగలదు. ఎకరానికి 6,000 చొప్పున రైతు భరోసా పడిన రోజున ఇంట్లో ఇద్దరి అనాలిసిస్‌లూ ఒకే ఖాతా మీద పోటీ పడతాయి. ఎరువుల దుకాణం పొద్దున పదికి గానీ తెరవరు, యాప్ రాత్రంతా తెరిచే ఉంటుంది. ఎవరు గెలుస్తారో చెప్పడానికి అనలిస్టు అక్కర్లేదు.

ఈ విద్యకు నైపుణ్యమన్న ముద్ర మన గడ్డ మీదే పడిందని పండితులు గర్వంగా చెబుతారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నది నిజం. ఆ మాట పట్టుకుని రమ్మీ నుంచి సెషన్ దాకా ప్రతి పందెమూ నైపుణ్యం తలపాగా చుట్టింది. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. అయినా యాప్‌లకు నిషేధం లేని రాష్ట్రాలు అప్పటికి ఉండేవి, మన పిలగాండ్లకు ఫోన్లో లొకేషన్ మార్చే ఉపాయం ఉండేది. ఇక తెర మీద ఉన్నవాళ్ళ సేవ చెప్పనే అక్కర్లేదు. 2025 మార్చిలో మియాపూర్, పంజాగుట్ట పోలీసులు కేసులు పెట్టేదాకా సినిమా తారలూ, ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌ఫ్లుయెన్సర్లూ "నేనూ ఇందులోనే ఆడతా" అన్నారు. వాళ్ళు ఆడారో లేదో గానీ ఓడ్స్ శాస్త్రం అసలు సారాన్ని గ్రహించినవాళ్ళు వాళ్ళొక్కరే: పందెం కాయకుండా, కాయమని చెప్పి డబ్బు తీసుకున్నారు. అప్పుడు ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ సోషల్ మీడియాలో ఈ యాప్‌ల మీద యుద్ధమే చేశారు. బస్సులు నడిపే సంస్థ అధిపతి చెప్పేదాకా ఈ సంగతి ఎవరికీ తట్టకపోవడం మన పాలనకు దక్కిన విశేషం.

2025 ఆగస్టులో పార్లమెంటు రెండు రోజుల్లో చట్టం చేసింది. డబ్బుతో ఆడించే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి దాకా జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్ళు, యాభై లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు, అతన్ని బాధితుడిగా చూస్తామన్నారు. మన పండితుడు ఈ చట్టాన్ని కూడా ఓడ్స్ చదివినట్టే చదివాడు. "ఆడెటోనికి ఏం గాదట అన్నా, చట్టంలనే రాసిండ్రు!" పాత యాప్ మూతపడింది, వాట్సాప్‌లో కొత్త ఐడీ వచ్చింది. డబ్బు కట్టేటప్పుడు కంపెనీ పేరు కనపడదు. ఏ కిరాణా దుకాణం పేరో, ఏ డిగ్రీ విద్యార్థి పేరో కనపడుతుంది. కమీషన్‌కు అద్దెకిచ్చిన ఖాతాలవి. ఆ ఖాతాల వెంట పోలీసులు వస్తే దొరికేది కురాసావ్ కాదు, ఆ విద్యార్థి.

ఈ సంగతంతా విడమరిచి చెబితే మన పండితుడు చాలా శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకటి రెండుసార్లు తల కూడా ఊపాడు. అంతా విని, కుర్చీ దగ్గరికి జరుపుకొని గొంతు తగ్గించి అడిగాడు: "అన్నా, నీ పాత బ్యాంకు ఖాతా ఏదన్న ఖాళీగున్నదానే? నెలకు ఇంతని ఇస్తరట."