ఆరంగుళాల తేడా

మా ఆవిడకి చెప్పకుండా ఇంట్లోంచి తీసిన సామాను ముందే ఒప్పేసుకుంటాను: దోమతెర, దండెం తాడు, బట్టల క్లిప్పులు 16, అప్పడాల కర్ర. ఇదంతా లంబసింగిలో ఒక్క రాత్రి పడుకోడానికి. అక్కడ గుడారాలు అద్దెకిస్తారు, నాకూ తెలుసు. "ఆపాటిది మనం కట్టుకోలేమా?" అన్నాను. ఆ మాటకి 4,000 రూపాయలు పట్టింది.

గుడారం తేలిగ్గా ఉండాలని అరంగుళం పీవీసీ పైపులు, ధాన్యం రాశి మీద కప్పే బరకం తెచ్చాను. పైపుల్ని విల్లులా వంచితే హాల్లో బ్రహ్మాండంగా నిలబడింది. ఫ్యాను వేసేసరికి సోఫా మీదికి ఒరిగింది. మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతేనే నాకు భయం.

వానొస్తే ఎలా అని కార్లో పడక కూడా మొదలెట్టాను. వెనక సీట్లు మడిచి, ముందువి ముందుకి జరిపి, పైన 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. ఎనిమిదడుగుల షీటు 20 కిలోల చిల్లర తూగింది; తేలికతనం సంగతి అక్కడితో సరి. వడ్రంగి టేపు పెట్టి, "అయిదడుగుల మూడంగుళాలొస్తాది సార్. మరి మీరో?" అన్నాడు.

నేను అయిదడుగుల తొమ్మిది.

"ఐమూలగా పడుకుంటాలే."

"మరి మేడం గారు?"

ఆ ప్రశ్న నాకు వినబడలేదు.

నర్సీపట్నం దాటి ఘాటెక్కుతున్నంతసేపూ చెక్క కిర్రుకిర్రుమంటూనే ఉంది. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంటుంది. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుందనీ, ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారనీ టీ కొట్టాయన చెప్పాడు. అప్పటికే నేను అప్పడాల కర్రతో మేకులన్నీ దిగ్గొట్టేశాను.

మా ఆవిడా, మావాడూ కార్లో. నేను నా కట్టడంలో. రాత్రి పదకొండింటికి మంచు బరకం మీద నీరై, వదులుగా ఉన్నచోట గుంట కట్టింది. పైపులు నెమ్మదిగా మోకాళ్లు వంచి నాకు సాష్టాంగపడ్డాయి.

నేనూ కార్లో దూరాను. ఐమూల నాకంటే ముందే మావాడు ఆక్రమించాడు. ముడుచుకు పడుకుని, చలికి అద్దాలన్నీ బిగించాను. చేసిన వెధవ పనుల్లో ఇది పెద్దది. ముగ్గురి ఊపిరిలోని తడి చల్లటి అద్దాలకి పట్టి, నీరై, వెనకద్దం మీంచి ఒక్కొక్క చుక్కే నా నుదుటి మీద పడింది, శివలింగం మీద ధారాపాత్రలోంచి పడ్డట్టు. రెండద్దాలు రెండు వేళ్ల మందం దించి దోమతెర కడితే గాలాడేది. దోమతెర ఉంది. కూలిన గుడారం కింద ఉంది.

తెల్లారింది. బయట పాలసముద్రంలా పొగమంచు. "చూద్దురుగాని లేవండి" అంది మా ఆవిడ. లేద్దామనే ఉంది. మోకాళ్లు విడివడితేగా!

ఇంతలో ఆవిడ కాలికి మట్టి కొట్టుకున్న కర్రొకటి తగిలింది. వంగి తీసింది. తిప్పి చూసింది.

"వారం రోజుల్నించీ చపాతీలు సీసాతో ఒత్తుతున్నాను" అంది.