మూడున్నర వేల మహారాజు

హైదరాబాద్‌లో అద్దెకుండే వాళ్లను కాపాడే చట్టం లేదని ఎవరన్నారు? నిక్షేపంలా ఉంది. 1960లో పుట్టింది. అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించి తీసుకోకూడదంటుంది. కట్టిన అద్దెకు రసీదు ఇవ్వాలంటుంది. కోపమొచ్చిందని నీళ్లు, కరెంటు ఆపకూడదంటుంది. ఖాళీ చేయించాలంటే ఓనరు రెంట్ కంట్రోలర్ ముందు నిలబడి, అద్దె కావాలనే ఎగ్గొట్టాడనో, ఇల్లు తనకే అవసరమనో, చట్టం ఒప్పుకునే కారణమేదో రుజువు చేసుకోవాలి. చదువుతుంటే కళ్లు చెమర్చాయా?

తుడుచుకుని 32వ సెక్షన్ దగ్గరికి రండి. 2005లో సవరించారు. అద్దె మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటితే ఈ చట్టం వర్తించదు. కట్టి 15 ఏళ్లు నిండని ఇంటికీ వర్తించదు. అమీర్‌పేట హాస్టల్లో నలుగురు పడుకునే గదిలో ఒక్క మంచానికి ఇంతకంటే ఎక్కువ అడుగుతున్నారు. మూడున్నర వేలకు ఇల్లు దొరికిన మహారాజు ఎక్కడైనా కనిపిస్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా విగ్రహం పక్కన నిలబెట్టండి. హక్కులన్నీ ఆయనవే.

మిగిలిన మనకు విక్టోరియా రాణి గారు దిక్కు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, కాగితంలో వేరే మాట లేకపోతే నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు చాలు. మన అగ్రిమెంట్లన్నీ 11వ నెలలోనే ఆయుష్షు తీరి పోతాయి. స్టాంపు పేపరు ఖర్చు మనది, షరతులు ఓనరువి.

అసలు శాసనం గేటుకు వేలాడే టు-లెట్ బోర్డు. ఓన్లీ ఫ్యామిలీ, ఓన్లీ వెజ్. బోర్డు మీద రాయని కాలమ్ గుమ్మంలో బయటపడుతుంది: "ఇంతకీ మీరెవరు?" కొత్తవాళ్లు పాపం పేరు చెబుతారు. అడిగింది కులం. చేరాక చుట్టాలొస్తే ట్యాంకు నీళ్ల లెక్క, వెళ్లిపోయేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల కోత. ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా చట్టంలో ఉంది. నమూనా కదా, ఏ రాష్ట్రానికి ఇష్టమైతే ఆ రాష్ట్రం కుట్టించుకోవచ్చు.

బతకడం సరే, అద్దె ఇంట్లో చావడానికీ వీల్లేదు. ఆస్పత్రిలో ప్రాణం పోతే శవాన్ని గేటు లోపలికి రానివ్వని ఇళ్లు ఈ మహానగరంలో కొల్లలు. ఇంటికి అరిష్టమట! అయినవాళ్లు రోడ్డు మీద టెంటు కింద ఏడ్చుకోవాలి. అదే కుటుంబం అయిదో తారీఖున ఫోన్‌పే చేసే అద్దెకు మాత్రం మైల లేదు, అంటు లేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు, మూడున్నర వేలు దాటినవాడికీ ఒక హక్కు మిగిలింది. కోర్టు ఉత్తర్వు లేకుండా తాళం మార్చి, సామాను వీధిలో పడేస్తే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఆ చట్టం అద్దె ఎంతని అడగదు. దావా కాగితంలో మాత్రం ఒక గడి ఉంటుంది, నింపండి: ప్రస్తుత చిరునామా.